చివరి మూడు అంగలు: జంప్ వైపు వెళ్లేటప్పుడు జీనులో ఎలా ఉండాలి?

గుర్రం దూకాల్సిన అడ్డంకిని జంప్ అంటారు. దాని వైపు క్యాంటర్‌లో (దౌడు కంటే నెమ్మదైన పరుగులో) వెళ్తున్నప్పుడు జీనులో కూర్చోవాలా, లేక పిరుదులు పైకి తీసి రికాబుల మీద నిలవాలా? గుర్రపు స్వారీలో జంపింగ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ తొలి రోజుల్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. హైదరాబాద్ శివార్లలో నేను నేర్చుకునే చోట మాకు శిక్షణ ఇచ్చేది సైన్యంలో గుర్రాలతోనే ఉద్యోగమంతా గడిపి రిసాల్దారుగా పదవీ విరమణ చేసిన ఉత్తరాంధ్ర పెద్దాయన. ఆయనను ఇదే అడిగితే, "ఏ గుర్రం మీద, అమ్మా?" అని ఎదురు ప్రశ్న వేశారు. జవాబు దాటవేశారని అప్పట్లో అనిపించింది కానీ, అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అది ఒంటికి పట్టడానికి రెండు గుర్రాలు, చాలా నెలలు పట్టాయి.

నేను స్వారీ మొదలుపెట్టింది ముప్పై దాటాక. నడక, ట్రాట్ (నడకకూ క్యాంటర్‌కూ మధ్య వేగం), క్యాంటర్ కుదిరేదాకా సర్ జంప్ మాటే ఎత్తనివ్వలేదు. మామూలు స్వారీలో కూర్చునే పద్ధతిలో చెవి, భుజం, తుంటి, మడమ నాలుగూ ఒకే నిలువు గీతలో ఉండాలి. జంపింగ్‌కు వచ్చేసరికి ఆ గీత మారుతుంది. రికాబుల తోలుపట్టీలను రెండు మూడు రంధ్రాలు పొట్టి చేస్తారు. దాంతో చీలమండ, మోకాలు, తుంటి మూడు చోట్లా కాలు ఇంకాస్త మడుచుకుంటుంది. గుర్రం కింద నుంచి ఇచ్చే కుదుపును మింగేయాల్సింది ఆ మూడు కీళ్లే. పైభాగం నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర ఒంగాలి, వీపు వంకర పోకూడదు, పిరుదులు జీను నడిమికి కాస్త పైన ఉండాలి. అప్పుడు భుజం, మోకాలు, కాలి వేళ్లు దాదాపు ఒకే గీతలోకి వస్తాయి. బరువంతా కాళ్ల గుండా మడమల్లోకి దిగే ఈ స్థితిని టూ-పాయింట్ అంటారు. పూర్తిగా కూర్చుంటే ఫుల్ సీట్. ఈ రెండింటి మధ్య హాఫ్ సీట్ ఉంది: పిరుదులు జీనును తాకుతూ ఉంటాయి, కానీ బరువు తొడల్లోనూ మడమల్లోనూ ఉంటుంది.

సర్ పెట్టే పరీక్ష ఒక్కటే. "ఇప్పుడు మీ కింద నుంచి గుర్రాన్ని మాయం చేశామనుకోండి. కాళ్ల మీద నిలబడతారా, ముఖం మీద పడతారా?" నడకలో టూ-పాయింట్, ట్రాట్‌లో టూ-పాయింట్, మలుపుల్లో టూ-పాయింట్, చివరికి పగ్గాలు వదిలి రెండు చేతులూ చాచి టూ-పాయింట్. తొడలు మండిపోయేవి. మెడ చుట్టూ కట్టిన తోలుపట్టీని పట్టుకోవడానికి అనుమతి ఉండేది కానీ, పగ్గాలను ఆసరాగా చేసుకుంటే మాత్రం ఆ పూట పాఠం అక్కడితో ఆగిపోయేది. పగ్గాల రెండో కొస గుర్రం నోట్లో ఇనుప కళ్లేనికి ఉంటుంది మరి. రౌతు తూకం తప్పిన ప్రతిసారీ ఆ నోరు నొప్పి పడుతుంది. ఇందులో ఆయన ఎవరినీ క్షమించేవారు కాదు. అదే సరైన పద్ధతని నా నమ్మకం.

ఈ దశలో తేలే ముఖ్యమైన సంగతి మోకాలి గురించి. భయం వేస్తే శరీరం మోకాళ్లతో జీనును బిగించి పట్టుకుంటుంది. బిగించిన మోకాలు ఇరుసుగా మారి, దాని కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు తిరుగుతుంది. అందుకే తొడల్లో బిగువు తగ్గించి, పిక్కను జీను నడికట్టు దగ్గర ఉంచి, మడమను కిందికి దించమంటారు. నేలను ఆనుకోవాల్సిన కాలు వెనక్కి ఊగిపోతే పైన ఎంత అందంగా ఒంగినా ప్రయోజనం లేదు. జంప్ ముందు భుజాల గురించి ఎన్ని మాటలైనా చెప్పుకోవచ్చు, తప్పు సాధారణంగా పిక్క దగ్గరే మొదలవుతుంది.

తర్వాత నేల మీద పరచిన పోల్స్, అంటే పొడవాటి కర్రలు వచ్చాయి. ట్రాట్‌కు పోల్‌కూ పోల్‌కూ మధ్య సుమారు నాలుగున్నర అడుగులు. వాటి మీదుగా వెళ్తుంటే గుర్రం కాళ్లు ఎత్తి వేస్తుంది, వీపు పైకి వస్తుంది. ఆ కదలికను టూ-పాయింట్‌లో భరించగలిగితేనే మొదటి జంప్. అది కూడా రెండు పోల్స్‌ను అడ్డదిడ్డంగా ఆనించి మధ్యలో అడుగెత్తు మాత్రమే ఉండేలా పెట్టినది. దానికి 9 అడుగుల ముందు నేల మీద మరో పోల్ ఉంటుంది. ట్రాట్‌లో వచ్చే గుర్రం ఎక్కడ లేవాలో ఆ పోలే చెబుతుంది. రౌతుకు మిగిలిన పని ఏమీ చేయకుండా ఉండడం. ఆ పనే కష్టం.

ఎందుకు కష్టమో అర్థం కావాలంటే గుర్రం దూకే తీరు తెలియాలి. జంప్ వైపు రావడం, లేవడం, గాలిలో ఉండడం, దిగడం, సాగిపోవడం అని దాన్ని ఐదు ముక్కలుగా చూస్తారు. లేచే క్షణంలో గుర్రం మెడను కుదించుకుని, ముందు కాళ్లను నేల మీద గట్టిగా తన్ని భుజాలను పైకి విసురుతుంది. ఆ వెంటనే వెనక కాళ్లు పొట్ట కిందికి వచ్చి మొత్తం శరీరాన్ని ఎత్తుతాయి. నిలబడి ఉన్న గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. అంటే సహజంగానే బరువైన ముందు భాగాన్ని అది ముందుగా నేల నుంచి లేపాలి. సరిగ్గా అప్పుడే రౌతు భుజాలు మెడ మీదికి వాలితే ఆ భారం మరింత పెరుగుతుంది. గుర్రం చివర్లో ఒక పొట్టి అంగ ఇరికించి దూకుతుంది, లేదా ముందు కాళ్లతో పోల్‌ను పడగొడుతుంది, లేదా ఆగిపోతుంది. ఆగిపోతే అప్పటికే ముందుకు పడి ఉన్న రౌతుకు మెడ తప్ప మరో ఆధారం ఉండదు.

వెనకబడినా అంతే కీడు. గుర్రం లేచాక రౌతు ఇంకా జీనులో బరువుగా ఉండిపోతే, చేతులు నోటిని లాగుతాయి, పిరుదులు గుర్రం నడుము మీద దభీమని పడతాయి. అలా కొన్నిసార్లు దెబ్బ తిన్న గుర్రం జంప్‌ను చూడగానే తల ఎత్తి పరిగెత్తడం నేర్చుకుంటుంది. దానికి మొండితనమని పేరు పెట్టడం అన్యాయం.

చూపు సంగతీ ఉంది. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ చాలా భాగం కనబడుతుంది కానీ, నుదుటికి ఎదురుగా, ముక్కు కింద చూపు అందని చోటు ఒకటి ఉంటుంది. జంప్ బాగా దగ్గరపడ్డాక అది ఆ చోటులోకి జారుకుంటుంది. దూరాన్ని, ఎత్తును గుర్రం అంతకు ముందు అంగల్లోనే కొలుచుకోవాలి, అందుకు తలను పైకీ కిందికీ కదిలించుకునే స్వేచ్ఛ ఉండాలి. చివరి మూడు అంగల్లో రౌతు తన కూర్చునే తీరు మార్చుకుంటే, లెక్క మధ్యలో ఉన్న జంతువు వీపు మీద బరువు అటూ ఇటూ కదిలినట్టే. లేవాలన్నా కూర్చోవాలన్నా ఆ నిర్ణయం మూడు అంగల ముందే అయిపోవాలి. ఈ రచనలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఒక వాన రోజు మైదానం బురదైపోయి, గుర్రపుశాల అరుగు మీద కూర్చున్నప్పుడు సర్ ఫెడెరికో కాప్రిల్లి గురించి చెప్పారు. 1868లో పుట్టి 1907లో మరణించిన ఇటలీ అశ్విక దళ అధికారి ఆయన. అంతకు ముందు యూరప్‌లో జంప్ మీద వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాచి, పగ్గాలు లాగి పట్టుకోవడమే పద్ధతి. గుర్రం ముందు కాళ్లకు భారం తగ్గుతుందని వాళ్ల ఆలోచన. పాత బొమ్మల్లో వేట గుర్రాల మీది రౌతులు దాదాపు పడుకున్నట్టు కనిపించేది అందుకే. కాప్రిల్లి రౌతు లేని గుర్రాలను స్వేచ్ఛగా దూకించి గమనించాడు. మెడ చాచి, వీపు గుండ్రంగా చేసి, ముందు కాళ్ల మీద దిగే గుర్రానికి అడ్డుపడుతున్నది రౌతేనని తేల్చాడు. రికాబులు పొట్టి చేసి, పిరుదులు జీను నుంచి ఎత్తి, చేతులను గుర్రం నోటి వెంట పోనిచ్చే పద్ధతిని పినెరోలో, రోమ్ దగ్గరి టోర్ దీ క్వింతో అశ్విక శిక్షణాలయాల ద్వారా నిలబెట్టాడు. ప్రపంచంలోని చాలా సైన్యాలు క్రమంగా ఆ దారిలోకి వచ్చాయి. మా సర్ నేర్చుకున్నదీ ఆ పరంపరే.

అయితే కాప్రిల్లి పేరు చెప్పి జంప్‌కు చాలా ముందు నుంచే మెడ మీదికి వంగడం ఆయన బోధ కాదు. గుర్రానికి అడ్డు రాకుండా దాని తూకంతో పాటు ఉండడం ఆయన సూత్రం. లేవకముందే ముందుకు వాలినవాడు గుర్రంతో పాటు లేడు, దాని కంటే ముందున్నాడు. ఇప్పటి పెద్ద పోటీల్లో జంప్‌లు 1.60 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. అక్కడి రౌతులను చూస్తే జంప్‌కూ జంప్‌కూ మధ్య తేలికగా లేచి ఉండి, చివరి అంగల్లో జీనుకు దగ్గరగా వచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. టోక్యో ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో (డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) జంపింగ్ ఫైనల్ దాకా వెళ్లి 23వ స్థానంలో నిలిచిన మన ఫవాద్ మీర్జా రౌండ్లను నేను ఫోనులో ఆపి ఆపి చూశాను. భుజాలను కాదు, జీనుకూ రౌతుకూ మధ్య ఖాళీ ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్నది మాత్రమే చూడండి. చాలా నేర్పుతుంది.

ఇక నా రెండు గుర్రాలు. మొదటిది సుల్తాన్, వయసు మళ్లిన నెమ్మదైన మగ గుర్రం. దాని మీద టూ-పాయింట్‌లో జంప్ వైపు వెళ్తే క్యాంటర్ క్రమంగా చచ్చిపోయి, జంప్ ముందు ట్రాట్‌లోకి పడిపోయేది. దానికి రౌతు జీనులో ఉండాలి. నడుము దాని క్యాంటర్‌తో పాటు ఊగుతూ, పిక్కలు రెండు పక్కలా ఉండి, 'వెళ్తున్నాం' అని ప్రతి అంగలోనూ చెబుతూ ఉండాలి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత సుల్తాన్ లాంటి గుర్రాన్ని చూసే పుట్టి ఉంటుంది. దాని మీద నేర్చుకున్న పాఠం: మలుపు తిరిగి జంప్ ఎదురుకాగానే హాఫ్ సీట్‌లోకి దిగి, ఛాతీ నిటారుగా పెట్టి, అక్కడి నుంచి ఏమీ మార్చకుండా వేచి ఉండడం. సుల్తాన్ లేచినప్పుడు దాని మెడ నా వైపు వస్తుంది, నా తుంటి దానంతట అదే మూసుకుంటుంది. నేను ఒంగనక్కర్లేదు. "గుర్రాన్ని దూకనివ్వండి, మీరు దూకకండి" అని సర్ మైదానం మధ్య నుంచి అరిచే మాటకు అర్థం అదే.

రెండోది మల్లి. మలక్‌పేట రేసుల నుంచి వచ్చిన ఆడ గుర్రం. హైదరాబాద్ చుట్టుపక్కల స్వారీ నేర్చుకునేవాళ్లకు ఇలాంటి రేసు గుర్రాలు తరచూ తారసపడతాయి. పరుగు ఆపేశాక వాటికి రెండో జీవితం స్వారీ పాఠశాలల్లో దొరుకుతుంది. వాటి పట్ల నాకు ప్రత్యేకమైన ప్రేమ. రేసుల్లో జాకీ పొట్టి రికాబుల మీద ముందుకు వంగితే వేగం పెంచాలని వాటికి అలవాటు. అందుకే మల్లి మీద మెడ వైపు వంగిన టూ-పాయింట్‌తో జంప్ వైపు వెళ్తే ఒక్కో అంగ సాగిపోతూ, జంప్ దగ్గరికి వచ్చేసరికి దౌడే. సరే, కూర్చుందామా అంటే అది మరీ ప్రమాదం. సుల్తాన్‌కు నచ్చిన ఆ బరువే తగిలితే మల్లి వీపు కిందికి పోయి, తల పైకి లేచి, ఇంకా జోరుగా పరిగెత్తేది. సామెత ఇక్కడ తలకిందులైంది. రౌతు మెత్తగా ఉంటేనే ఈ గుర్రం నాలుగు కాళ్ల మీద నడుస్తుంది.

మల్లికి కావలసింది మూడో రకం: పిరుదులు జీనుకు వేలెడు పైన, కానీ భుజాలు పైకి, తుంటి వెనక్కి, బరువంతా మడమల్లో. జాకీ వంగినట్టు ఉండకూడదు, ఫుల్ సీట్ బరువూ ఉండకూడదు. బయటి నుంచి చూసేవారికి పెద్ద తేడా కనిపించదు. పైన ఉన్నవారికి మాత్రం పొట్ట కండరాలు, తొడలు రెండూ పని చేస్తేనే ఇది నిలుస్తుందని తెలుస్తుంది. ఆ వర్షాకాలమంతా నేను మల్లి మీద ఈ ఒక్క స్థితి మీదే పని చేశాను. జంప్ లేకుండా వలయాల్లో క్యాంటర్, నేల మీద ఒంటరి పోల్, మళ్లీ వలయం. పోల్ దాటాక వేగం మారకపోతేనే తర్వాతిది.

ఆ సమయంలో సర్ ఇచ్చిన ఒక సాధన చాలా ఉపయోగపడింది. జంప్ వైపు వెళ్తూ చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేసిన ఆటవెలది పద్యం ఒకటి గట్టిగా చదవమన్నారు. నోరు తెరిచి పద్యం చదివేవారు ఊపిరి బిగబట్టలేరు. ఊపిరి బిగబట్టకపోతే నడుము గట్టిపడదు, నడుము గట్టిపడకపోతే మల్లికి పరిగెత్తాలన్న అనుమానం రాదు. పైగా పద్యం నడక తొట్రుపడితే క్యాంటర్ లయ మారిందని నాకు వెంటనే తెలిసిపోయేది. తోటి విద్యార్థుల్లో పద్యాలు రానివాళ్లు ఎక్కాలు చదివేవారు.

దాని తర్వాత గ్రిడ్. కొలిచిన దూరాల్లో వరుసగా పెట్టిన చిన్న జంప్‌లు అవి. ట్రాట్‌లో వచ్చి మొదటి దాన్ని దూకాక 18 అడుగులకు రెండోది, అంటే మధ్యలో ఒకే ఒక క్యాంటర్ అంగ. దూరాలు ముందే సరిపెట్టి ఉంటాయి కాబట్టి రౌతు లెక్కలు వేయనక్కర్లేదు, తన శరీరం సంగతి మాత్రమే చూసుకోవచ్చు. పగ్గాలకు ముడి వేసి మెడ మీద వదిలి, చేతులు రెండు పక్కలా చాచి గ్రిడ్ దాటించేవారు. చేతుల ఆసరా పోగానే ఎవరి తూకం ఎక్కడుందో దాచుకోవడం అసాధ్యం. కూర్చునే తీరు సరిదిద్దడానికి నాకు తెలిసిన సాధనాలన్నింటిలో గ్రిడ్‌కే మొదటి స్థానం ఇస్తాను. ఒంటరి జంప్‌లు ఎన్ని దూకినా అంత రాదు.

నేర్చుకునేవాళ్లకు ఒక మాట. ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి అన్న విచక్షణ వచ్చేదాకా, తక్కువ ఎత్తు జంప్‌ల మీద ఒకే స్థితిలో మొదటి నుంచి చివరిదాకా ఉండడమే మేలు. పిరుదులు లేపిన తేలికైన సీట్‌లో మలుపు తిరిగితే అదే సీట్‌లో జంప్ దాటండి. మూడు అంగల ముందు కూర్చోవడమనే విద్య జీనును దెబ్బ కొట్టకుండా కూర్చోవడం వచ్చినవారికే. దాన్ని తొందరగా నేర్పే శిక్షకులను కూడా చూశాను. వాళ్ల గుర్రాల నడుములు నొప్పితో ఉంటాయి. జీను దించాక వెన్నుకు రెండు పక్కలా వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గుర్రం వీపు కిందికి దించుకుని తప్పించుకుంటే జీను అమరికను, రౌతు బరువును రెండింటినీ అనుమానించాలి, పశువైద్యుడికి చూపించాలి. హెల్మెట్, ఛాతీ కవచం, చిన్న మడమ ఉన్న బూట్లు లేకుండా అడుగెత్తు జంప్ కూడా వద్దు.

ప్రస్తుతం నేను మల్లి మీద రెండు జంప్‌ల మధ్య దూరాల మీద పని చేస్తున్నాను. క్యాంటర్ అంగ సుమారు 12 అడుగులు. మొదటి జంప్ దిగడానికి 6, రెండోది లేవడానికి 6 అడుగులు తీసేస్తే, 60 అడుగుల దూరంలో నాలుగు అంగలు పడతాయి. అదే దూరాన్ని ఒకసారి నాలుగు అంగల్లో, మరోసారి ఐదు అంగల్లో వెళ్లమంటారు సర్. పగ్గాలు లాగకూడదు. ఐదు కావాలంటే దిగిన మొదటి అంగలోనే భుజాలు పైకి తెచ్చి, హాఫ్ సీట్‌కు దగ్గరగా రావాలి. నాలుగు కావాలంటే తేలికగా పైనే ఉండి దాన్ని సాగనివ్వాలి. మూడో అంగలో గుర్తొచ్చి సర్దుకుంటే మాత్రం అది ఐదూ కాదు, నాలుగూ కాదు. గుర్రపుశాల నుంచి దూరంగా వెళ్లే వైపు మల్లి ఐదు అంగలు చక్కగా ఇస్తోంది. శాల వైపు తిరిగి వచ్చేటప్పుడు ఇంకా నాలుగే. వచ్చే వారం అదే దూరాన్ని సూటిగా కాకుండా వంపుగా పెడతామన్నారు. అప్పుడు బయటి వైపు రికాబులోకి బరువు జారకుండా చూసుకోవడం కొత్త పని.